ఒడ్డున దొరికిన నలభై ఒక్క బట్టలు

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రిజర్వాయర్ ఒడ్డున ఉన్నవాళ్ళూ, ఉన్నవీ ఇవి. బెంగుళూరు నుంచి వచ్చిన సభ్యులు పదమూడు మంది, అందరికీ ఫుల్‌హ్యాండ్ చొక్కాలు, టోపీలు, చేతులకు రబ్బరు తొడుగులు. ఒక షామియానా. మూడు టేబుళ్ళు. మొదటి దాని మీద బిస్కెట్లు, రెండో దాని మీద గడిచిన వారాల ఫొటోలు, మూడో దాని మీద ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు. ఒక ట్రాక్టరు, దాని ట్రాలీలో ఆ వారం చెత్త. వేలాడదీసే త్రాసు ఒకటి. ఆ స్థలం యజమాని అయిన మాజీ సర్పంచి. టీ క్యానుతో టీ కొట్టు అక్క. ఊరివాళ్ళు అరవై మందికి పైగా, వాళ్ళ లెక్క నేను పూర్తి చేయలేకపోయాను. ఒక రిజిస్టరు. నేను.

ఈ శీర్షికలో ఇంతవరకు ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు రాశారు. నాకు ముప్ఫై ఒకటి. మన పాలిటెక్నిక్ పత్రిక వాళ్ళు అడిగినప్పుడు ఇదే మాట చెప్పాను. చేసిన ఒక ఉద్యోగం నుంచి పూర్తిగా విరమించాను కాబట్టి రాయవచ్చన్నారు. చివరి ఏడాదిలో ఉన్న మీకోసం రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

డిప్లొమా అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉండి ఒక ప్రకటన చూసి వెళ్ళాను. పొలంలో సైటు సూపర్‌వైజర్ కావాలి, ఉండడానికి గది ఇస్తాం అని ఉంది. ఇంటర్వ్యూ చేసినాయన బెంగుళూరులో రిటైరైన బ్యాంకు మేనేజరు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేవాడు. అసలు సంగతి ఆయన మొదటే చెప్పాడు. వాళ్ళు ఒంటి మీద బట్ట లేకుండా ఎండలోనూ గాలిలోనూ ఉండడం ఆరోగ్యమనీ, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ నమ్మే మనుషులు. డెంటిస్టు ఒకామె, లెక్చరర్లు ఇద్దరు, రెండు మూడు జంటలు, మిగిలినవాళ్ళు రిటైరైనవాళ్ళు. నెలకు రెండు వారాంతాలు వచ్చి చెట్లకు నీళ్ళు పోస్తారు, వండుకుంటారు, పుస్తకాలు చదువుకుంటారు, పోతారు. అంతకుమించి అక్కడ ఏమీ జరగదు.

"నువ్వు మా మాదిరి ఉండాల్సిన పని లేదు. మమ్మల్ని చూసి నవ్వకుంటే చాలు" అన్నాడు మేనేజరు.

"నా పని ఏంది సార్?"

"గోడ."

ఆ గోడ గురించి కొంచెం చెప్పాలి. ఉరవకొండ నుంచి బెళుగుప్ప వైపు పోయేటప్పుడు మీరు చూసే ఉంటారు, అక్కడ కంటికి అడ్డం ఏమీ ఉండదు. ఎర్రనేల, రాళ్ళు, శనగచేలు, ఆకాశం. పదెకరాల చుట్టూ జింకు రేకులు వేయాలి. ఎంత ఎత్తు వేస్తే బయటి నుంచి కనపడదో నేను లెక్క కట్టాను. నడిచే మనిషి కన్ను, బస్సు కిటికీ, శనగకట్టె లోడు మీద కూర్చున్న మనిషి, అర కిలోమీటరు దూరంలోని గుట్ట మీద గొర్రెల కాపరి. ఒక్కొక్క చోటు నుంచి చూపు గీత గీసి, తొమ్మిదడుగులని తేల్చాను. మేనేజరు ఆ డ్రాయింగు చూసి నా భుజం తట్టాడు. దాన్ని ఫ్రేము కట్టించాలని కూడా అనుకున్నాను.

నాలుగు నెలలకు, కిలోమీటరు అవతల ఒక గాలిమర లేచింది. దాని పైకెక్కిన టెక్నీషియన్‌కు తొమ్మిదడుగుల రేకు ఏ లెక్కలోకీ రాదు. వాడు దిగి నేరుగా అడ్డరోడ్డు టీ కొట్టుకు వెళ్ళాడు.

ఆ రోజు నుంచి మా వాళ్ళకు ఊరు పెట్టిన పేరు బిత్తలోళ్ళు. అంటే బట్టల్లేనివాళ్ళు. నేను బిత్తలోళ్ళ ఇంజినీరును. లోపల బట్టలు వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. బయట, బట్టలు వేసుకున్నా లేనట్టే చూడబడేవాణ్ణీ నేనొక్కణ్ణే.

టీ కొట్టు అక్కకు నలభై అయిదేళ్ళుంటాయి. అందరికీ గాజు గ్లాసులో టీ ఇచ్చేది. ఆ వార్త వచ్చిన మర్నాడు నాకు కాగితం కప్పులో ఇచ్చింది.

"ఏమక్కా, నాకు గ్లాసు లేదా?"

"గ్లాసులు కడగల్ల గదప్పా. నీళ్ళు యాడుండాయి?" అంది, నా పక్కాయన గ్లాసు కడుగుతూ.

బెంచీ మీద ఎవరో అన్నారు: "ఏమప్పా ఇంజినీరూ, మీ వాళ్ళకి సబ్బు ఖర్చు లేదంట గదా?"

"సలికాలం ఏం చేస్తారంటప్పా?" అన్నాడు ఇంకొకాయన.

"సలికాలం రారులే. ఇతన్నొక్కన్ని పెట్టి పోతారు, కాపలాకి."

అది నిజమే. సభ్యులు లేని రోజుల్లో పదెకరాలకు నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. రేకులకు గాలి తగిలి మోగుతుంటే వినేవాణ్ణి. గాలిమర రెక్క నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టేవాణ్ణి. ఒక నెల డైరీలో, నేను మనుషులతో మాట్లాడిన రోజులకు టిక్కు పెట్టుకున్నాను. ఎనిమిది వచ్చాయి. అందులో మూడు గ్యాసు సిలిండరు వాడితో. తర్వాతి నెల ఆ లెక్క మానేశాను.

లీజు మూడేళ్ళది, ఉగాదికి నిండుతుంది. పొడిగించమని అడగడానికి మేనేజరు నన్ను మాజీ సర్పంచి దగ్గరికి పంపాడు.

"నాకేమి లేదప్పా" అన్నాడాయన. "మా నాయన కాలం నుండి ఆ చేన్లో రాళ్ళు తప్ప ఏమీ పండలేదు. మీవాళ్ళు బట్టలు కట్టుకుంటే నాకేమి, కట్టుకోకుంటే నాకేమి? ఊరు ఒప్పుకోవల్ల. రేపు ఎలక్షన్లో నాకు ఓటెయ్యాల్సింది వాళ్ళు గదా, మీ బెంగుళూరోళ్ళు గాదు."

ఊరు ఒప్పుకోకపోతే స్థలం పోతుంది. స్థలం పోతే నా ఉద్యోగమూ పోతుంది. కానీ మీకు నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాకు కావలసింది లీజు కూడా కాదు. ఆ బెంచీ మీద గ్లాసుతో టీ తాగడం.

ఒడ్డు శుభ్రం చేద్దామన్నది డెంటిస్టు ఆలోచన. మా పొలానికి రెండు కిలోమీటర్లలో రిజర్వాయర్ ఉంది. కాలువ నీళ్ళు వచ్చి నిలబడ్డాక, అన్ని నీళ్ళు ఎన్నడూ చూడని జనం ఆదివారాలు అక్కడికే వచ్చేవారు. ఉరవకొండ నుంచి, విడపనకల్లు నుంచి కూడా ఆటోలు వచ్చేవి. కుర్రకారు దానికి బీచ్ అని పేరు పెట్టారు. బీచ్ అన్నాక బిరియాని ప్లేట్లు, బీరు సీసాలు, గుట్కా పొట్లాలు తప్పవు. వరసగా పన్నెండు ఆదివారాలు మా సభ్యులు వచ్చి ఏరుతారు, అదీ పూర్తిగా బట్టలు వేసుకుని, అందరూ చూసే వేళలో. మమ్మల్ని మనుషులుగా చూస్తే చాలునని ఆమె అంది.

నేను పద్ధతి రాశాను. ఒడ్డున ప్రతి వంద అడుగులకూ ఒక గుర్తురాయి. ఏరిన ప్రతిదానికీ ఒక గడి: ప్లాస్టిక్, గాజు, ఇనుము, బట్టలు, ఇతరాలు. బట్టలు తప్ప మిగతా నాలుగూ తూకం. బట్టలకు మాత్రం ఒక్కొక్కదానికీ నెంబరు, దొరికిన చోటు, వివరం, ఎందుకంటే వాటిలో చాలా భాగం బాగున్నాయి. ఆ గడి పేరు 'తిరిగి వాడదగినవి' అని పెట్టాను. డెంటిస్టు వాటిని బెంగుళూరు తీసుకెళ్ళి ఉతికించి, ఊడిన గుండీలు తనే కుట్టేది. చివరి ఆదివారం పేదలకు పంచుదామన్న ఆలోచన నాది.

మొదటి రెండు వారాలు ఊరివాళ్ళు కట్ట మీద నిలబడి చూశారు.

"ఊర్లో మాకన్నా మీవాళ్ళకే బట్టలు ఎక్కువుండాయి గదప్పా" అని మాజీ సర్పంచి నవ్వాడు.

మూడో వారం ఇద్దరు దిగివచ్చి సంచి పట్టుకున్నారు. అయిదో వారానికి పదిమంది అయ్యారు. ఒకాయన ట్రాక్టరు ఊరికే ఇచ్చాడు. రిజిస్టరులో ఒక గమనిక రాసుకున్నాను: 'ఊరివాళ్ళు బట్టలు ఎత్తరు, పక్కనుంచి తప్పుకుని పోతారు. వంగడానికి బద్ధకమా?' ప్లాస్టిక్ కోసం వంగేవాళ్ళు బట్టల దగ్గర ఎందుకు వంగరో ఆ ప్రశ్నార్థకం దగ్గర ఆగి ఆలోచించి ఉంటే, ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

ఏడో ఆదివారం తర్వాతి సోమవారం, టీ కొట్టు అక్క గాజు గ్లాసు నా ముందు పెట్టింది. చెయ్యి కాలుతున్నా గ్లాసు కింద పెట్టలేదు.

ఆ రోజు కొట్లో ఇంకెవరూ లేరు. మొదటిసారి ఆమె తన సంగతి చెప్పింది. మొగుడు లారీ డ్రైవరు. చలికాలంలో పోయాడు, గుండెనొప్పి.

"పదకొండో దినం రిజర్వాయర్ కాడనే చేస్తిమి. ముందు నీళ్ళు లేనప్పుడు పెన్న దాకా పోవల్ల. ఆయన చొక్కా ఒకటి ఆడనే ఒడ్డున పెట్టి, ఎనక్కి చూడకుండా వస్తిమి. కాలర్ చినిగితే నేనే తిప్పి కుట్టింటి."

నాకు తట్టాల్సింది. రిజిస్టరులో పదిహేడో నెంబరు, మూడో ఆదివారం, రెండో గుర్తురాయి దాటాక నలభై అడుగులు, తుమ్మచెట్టు పక్కన: 'నీలిగళ్ళ చొక్కా, మగ, కాలర్ తిప్పి కుట్టినది.' ఆ అక్షరాలు నేనే రాశాను. తట్టలేదు. నేను గ్లాసు చూసుకుంటున్నాను.

తెలియక చేశానని కూడా చెప్పలేను. నేను పెరిగింది గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో. మా నాయన పోయినప్పుడు ఆయన పంచె ఒకటి పెన్న ఒడ్డున వదిలి, పూజారి చెప్పినట్టు వెనక్కి తిరగకుండా వచ్చాను. పోయినవాళ్ళ బట్ట అలా వదిలితే అది వాళ్ళదే. మళ్ళీ ఇంటికి తేరు, ఎవరూ ముట్టరు. మా వైపు ఇది అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు పదమూడు మంది, వాళ్ళకు బట్ట అంటే నూలు మాత్రమే. తెలిసినవాణ్ణి ఒకణ్ణి, నాకు బట్ట అంటే ఒక గడి.

మొదట చెప్పిన ఆదివారానికి వస్తాను. మూడో టేబులు మీద నలభై ఒక్క బట్టలు. చీరలు, పంచెలు, చొక్కాలు, ఒక చిన్న గౌను. ఒక్కొక్కదానికీ నెంబరు చీటీ గుచ్చాను. ముందు ఒక అట్ట: 'కావలసినవారు తీసుకోవచ్చు.' దస్తూరి నాది.

మాజీ సర్పంచి లేచి మాట్లాడుతున్నాడు. "వాళ్ళు లోపల ఎట్లుంటారో అది వాళ్ళిష్టం. బయట మన గలీజు ఎత్తినారు. మనోళ్ళు తాగి పారేసిన సీసాలు వాళ్ళు ఏరినారు. నేనేమంటానంటే..." లీజు మాట ఆ వాక్యం చివర ఉందని నాకు తెలుసు. ముందురోజే చెప్పాడు. నేను ఊరివాళ్ళ తలలు లెక్కపెడుతున్నాను, అరవై నాలుగు దాకా వచ్చాను.

టీ కొట్టు అక్క క్యాను కింద పెట్టి మూడో టేబులు దగ్గరికి వెళ్ళింది. ఒక చొక్కా మీద చెయ్యి పెట్టింది. కాలర్ ఎత్తి లోపలి కుట్టు చూసింది.

"ఇది మా ఆయనది" అంది.

గట్టిగా అనలేదు. అయినా మాజీ సర్పంచి మాట ఆగిపోయింది. అందరూ టేబులు వైపు చూశారు. ఒకాయన ముందుకొచ్చి ఆకుపచ్చ చీర దగ్గర నిలబడ్డాడు. చెయ్యి పెట్టలేదు. "మాయమ్మది" అన్నాడు. చిన్న గౌను దగ్గరికి వచ్చినామె అక్కడే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత అరుపులు. అన్నీ గుర్తులేవు. "పోయినోళ్ళ బట్టలు బతికినోళ్ళకి పంచుతారా?" అన్న మాట గుర్తుంది. "బిత్తలోళ్ళకి బట్టల సంగతి ఏం తెలుస్తాది?" అన్నదీ గుర్తుంది. ఎవరో టేబులును తన్నారు. డెంటిస్టు రెండు చేతులూ జోడించి, "బాగా ఉతికించినాను, నేనే ఇస్త్రీ చేసినాను" అని మళ్ళీ మళ్ళీ చెబుతోంది. అది క్షమాపణ అని ఆమె అనుకుంటోంది. ప్రతిసారీ అరుపులు పెరుగుతున్నాయి.

మేనేజరు టోపీ తీసి నిలబడి, "తప్పు మాది" అన్నాడు.

"అట్ట రాసింది నేను" అన్నాను.

మాజీ సర్పంచి నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే సులువుగా ఉండేది.

"వాళ్ళు యాడోళ్ళో. వాళ్ళకి తెల్దు. నువ్వు ఈడోనివే గదప్పా. నీకు తెల్దా?"

నా దస్తూరి ఉన్న అట్టను తీసి మడిచాను.

ఆయన తీర్పు రెండు ముక్కల్లో చెప్పాడు. ఉగాదికి స్థలం ఖాళీ చేయాలి. బట్టలు ఏవి ఎక్కడ దొరికాయో అక్కడే పెట్టాలి. "మావోళ్ళెవరూ ముట్టరు. నువ్వే పెట్టల్ల. లెక్క రాసి నాకు చూపించు. ఒక్కటి తక్కువైనా, అది ఎవరింటికి పోయిందో తేలేదాకా ఊరు వదల్దు. పోయినోళ్ళ బట్ట ఇంట్లోకి తెచ్చుకునే మనిషిని ఊర్లో ఉండనియ్యరు, అది గూడ తెల్సుకో."

కింద పడ్డ బట్టలన్నీ నేనొక్కణ్ణే ఏరి పెద్ద సంచిలో వేశాను. ఆ రోజు లెక్కపెట్టలేదు. సభ్యులు వ్యాను ఎక్కారు. టీ కొట్టు అక్క కొంగు నిండుగా కప్పుకుని, క్యాను చంకన పెట్టుకుని, అందరికంటే ముందే కట్ట ఎక్కి వెళ్ళిపోవడం చూశాను. ఎండలో కొంగు ఎందుకంత బిగించి కప్పుకుందో ఆలోచించలేదు.

సోమవారం పొద్దున సంచి, రిజిస్టరు, టేపుతో ఒడ్డుకు వెళ్ళాను. ఎవరూ లేరు. పన్నెండు వారాలు ఏరిన ఒడ్డు, ఇంత కాగితం ముక్క కూడా లేదు. అంత శుభ్రమైన చోటు నేను మా జిల్లాలో చూడలేదు. అందుకే అంత ఒంటరిగానూ ఎక్కడా అనిపించలేదు.

నా రిజిస్టరు ఒక్క పనికి మాత్రం సరిగ్గా ఉపయోగపడింది. ఏ చీర ఏ రాయి నుంచి ఎన్ని అడుగుల్లో ఉండేదో అంతా అందులో ఉంది. నెంబరు చూసి, టేపు పట్టి, చీటీ తీసేసి, మడత విప్పి పెట్టాను. మడతతో పెడితే అంగడి సరుకులా కనిపించింది. గాలికి పోకుండా ఒక్కొక్కదాని మీద ఒక రాయి. చిన్న గౌను మీద పెట్టడానికి చిన్న రాయి కోసం చాలాసేపు వెతికాను.

పదహారు తర్వాత పద్దెనిమిది వచ్చింది. సంచి దులిపాను. చివరిదాకా పెట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ సంచి దులిపాను. మొదటి రాయి నుంచి నడిచి పెట్టినవన్నీ లెక్కపెట్టాను. వెనక్కి చూడకూడదని తెలుసు. కానీ వెనక్కి చూడకుండా లెక్కపెట్టడం ఎలాగో నాకు తెలియదు. తుమ్మచెట్టు పక్కన ఖాళీ నేల దగ్గర నిలబడ్డాను. అప్పుడు నాకు బిగించి కప్పుకున్న కొంగు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి అడ్డరోడ్డుకు వెళ్ళాను. బెంచీ మీద నలుగురున్నారు. నన్ను చూసి లేచి వెళ్ళిపోయారు. కాగితం కప్పు వస్తుందనుకున్నాను. అదైనా వస్తుందో రాదో అనుకున్నాను. అక్క గాజు గ్లాసులో టీ పోసి పెట్టింది. నా మొహం చూడలేదు.

"అన్నీ పెట్టినావా?"

"పెట్టినానక్కా."

"ఎన్ని?"

స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. ఆమె మంట తగ్గించలేదు.

"నలభై ఒకటి" అన్నాను.

ఆమె అప్పుడు మంట తగ్గించింది. పొంగిన పాలు గుడ్డతో తుడిచింది. గుడ్డ పిండుతూ అడిగింది:

"ఇస్త్రీ చేసింది ఎవరు?"

"డాక్టరమ్మ. పండ్ల డాక్టరు."

"బాగ చేసింది. ఆయన బతికుండంగా ఒక్కతూరి గూడ ఇస్త్రీ చొక్కా తొడిగినోడు గాదు."

టీ తాగి గ్లాసు నేనే కడిగి బోర్లించాను. మధ్యాహ్నం మాజీ సర్పంచి ఇంటి అరుగు మీద రిజిస్టరు ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి వరుస మీద వేలు పెట్టి చదివాడు. పదిహేడో వరుస మీద ఆయన వేలు మిగతా వాటి మీద ఉన్నంతసేపే ఉంది. సంతకం పెట్టాడు. "పనోనివేలే" అన్నాడు.

ఉగాదికి ముందు రేకులు విప్పించి లారీకెత్తాను. సభ్యులు మళ్ళీ ఎక్కడైనా స్థలం తీసుకున్నారో లేదో తెలియదు. మేనేజరు ఒకసారి ఫోన్ చేసి ఆరోగ్యం అడిగి పెట్టేశాడు. నేనిప్పుడు గాలిమరల నిర్వహణలో పని చేస్తున్నాను. పైకెక్కినప్పుడు ఆ పదెకరాలు కనిపిస్తాయి. రేకులు పాతిన గుంతల వరుస తప్ప అక్కడ చూడడానికి ఏమీ లేదు. అక్క కొట్టు తీసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను. ఎక్కడికో అడగలేదు. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నది అందుకే.

కొలత పుస్తకంలో చూడనిది రాయకూడదని మీకూ మొదటి సెమిస్టరులోనే చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంది. బట్టల పేజీ చివర, 'తిరిగి పెట్టినవి' అన్న గడిలో నలభై ఒకటి అని ఉంది. దాని కింద నా సంతకం, మాజీ సర్పంచి సంతకం.

పెట్టినవి నలభై.